ఎడారి దాటాలంటే ఎన్ని లీటర్లు? ఫోర్ బై ఫోర్ ప్రయాణానికి ఇంధనం లెక్క, బండి భద్రత

ఎడారి మధ్యలో బండి ఆగిపోయిందంటే ముందుగా అనుమానించాల్సినవి రెండు: ఇంధనం అయిపోయి ఉండాలి, లేదా మోసిన బరువుకు ఏదో ఒకటి విరిగి ఉండాలి. చిక్కేమిటంటే మొదటిదానికి మందు వేస్తే రెండోది ముదురుతుంది. భయంకొద్దీ నాలుగు క్యాన్లు ఎక్కువ ఎక్కిస్తే బండి ఇసుకలో ఇంకా లోతుకు దిగుతుంది, ఇంకా ఎక్కువ తాగుతుంది, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ముందే చేతులెత్తేస్తాయి. అందుకే ఎడారికి ఎంత ఎక్కువ ఇంధనం తీసుకెళ్తే అంత మంచిదనే సలహాను నేను ఒప్పుకోను. ఎంత కావాలో లెక్క కట్టి, దానికి మిగులు కలిపి, అక్కడితో ఆపాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఆస్ట్రేలియాలోని బర్డ్స్‌విల్ ట్రాక్ చాలు. 1963 డిసెంబరులో, నడి వేసవిలో, ఆ దారిలో ఒక కుటుంబం తప్పిపోయింది. కారులో పెట్రోలు అయిపోయింది. ఐదుగురూ కారు వదిలి నడిచారు, ఐదుగురూ చనిపోయారు. ఇంధనం, దారి, నీళ్లు, బండి దగ్గరే ఉండటం అనే నాలుగూ విడివిడి విషయాలు కావు. ఒకటి జారితే మిగతావాటినీ లాక్కుపోతుంది.

మొదట దూరం కాదు, నేల చూడండి

మ్యాపులో రెండు బంకుల మధ్య 600 కిలోమీటర్లు ఉందనుకోండి. ఆ ఒక్క అంకెతో ఏమీ తేలదు. అందులో కంకర రోడ్డు ఎంత, గట్టి మట్టి ఎంత, ఇసుక దిబ్బలు ఎంత అని ముక్కలు చేయాలి. హైవే మీద లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చే బండి మెత్తటి ఇసుకలో నాలుగైదుకు పడిపోవడం మామూలే.

దిక్కు కూడా లెక్కలోకి వస్తుంది. ఆస్ట్రేలియాలోని సింప్సన్ ఎడారిలో వెయ్యికి పైగా దిబ్బలు ఉత్తర దక్షిణాలుగా, ఒకదాని పక్కన ఒకటి వరుసగా ఉంటాయి. వాటి తూర్పు ముఖం నిటారుగా ఉంటుంది. కాబట్టి పడమర నుంచి తూర్పుకు దాటడం కాస్త సులువు. అదే దారిలో ఎదురు వస్తే బండి ఎక్కువ కష్టపడుతుంది, ఎక్కువ తాగుతుంది. వెనక్కి రావాల్సి వస్తే అన్న ప్రశ్నకు జవాబు వెతికేటప్పుడు ఈ తేడా పెద్దదవుతుంది.

అరేబియా ఎడారుల్లో మరో రకం నేల ఉంది, సబ్ఖా అంటారు. పైన ఉప్పు పెంకు గట్టిగా, చదునుగా, రోడ్డుకన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. కింద బురద. పెంకు పగిలితే బండి కూరుకుపోతుంది. దాన్ని చుట్టి వెళ్లడానికి పట్టే అదనపు దూరం ఏ మ్యాపూ ముందుగా చెప్పదు.

దారిలో ఇంధనం దొరికే చోట్ల పేర్లు రాసుకుని, ప్రతి చోటుకీ ఫోన్ చేయండి. బంకు ఉందా అని అడిగి ఊరుకోకండి. మీ ఇంధనం ఉందా, ఏ రోజుల్లో తెరుస్తారు, డబ్బు ఎలా తీసుకుంటారు అని అడగండి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని కానింగ్ స్టాక్ రూట్ అనే ఎడారి దారి విలూనా నుంచి హాల్స్ క్రీక్ దాకా సుమారు 1,850 కిలోమీటర్లు. మధ్యలో ఇంధనానికి అందరూ ఆధారపడేది కునావరిట్జీ అనే చిన్న ఆదివాసీ సమాజం మీద. అలాంటి ఒక్క చోట నిల్వ అయిపోయినా, పంపు పాడైనా మీ ప్లాన్ మొత్తం తలకిందులవుతుంది.

మీ బండి అసలు మైలేజీ కనుక్కోండి

కంపెనీ చెప్పిన మైలేజీ పక్కన పెట్టండి. డాష్‌బోర్డు చూపించే సగటునూ నమ్మకండి. ప్రయాణానికి వెళ్లే సామానంతా ఎక్కించి, ట్యాంకు అంచుదాకా నింపి, టైర్లలో గాలి తగ్గించి, ఇసుకలో కనీసం 50 కిలోమీటర్లు నడపండి. మళ్లీ అంచుదాకా నింపండి. పట్టిన లీటర్లే నిజం.

దూరం మాత్రం జీపీఎస్ నుంచి తీసుకోండి, ఓడోమీటర్ నుంచి వద్దు. ఇసుకలో చక్రం జారినప్పుడల్లా బండి కదలకపోయినా ఓడోమీటర్ తిరుగుతూనే ఉంటుంది. దాంతో మైలేజీ ఉన్నదానికన్నా బాగున్నట్టు కనిపిస్తుంది. పెద్ద సైజు టైర్లు వేయించిన బండిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఓడోమీటర్ తక్కువ చూపిస్తుంది.

గుంపుగా వెళ్తుంటే అందరిలోకీ ఎక్కువ తాగే బండినీ, అందరిలోకీ చిన్న ట్యాంకునూ ఆధారంగా తీసుకోవాలి. పెట్రోలు బండీ డీజిల్ బండీ కలిసి వెళ్తే ఒకరి మిగులు ఇంకొకరికి పనికిరాదు. క్యాన్ల మీద పెద్ద అక్షరాలతో ఏది ఏదో రాయండి. చీకట్లో, అలసటలో, డీజిల్ ట్యాంకులో పెట్రోలు పోయడం అంత కష్టమైన పనేం కాదు.

లెక్క కడదాం

పైన చెప్పిన 600 కిలోమీటర్లనే తీసుకుందాం. 150 కంకర రోడ్డు, 380 ఇసుక దిబ్బలు, 70 గట్టి నేల. డీజిల్ బండి.

కంకర మీద లీటరుకు 8 చొప్పున 19 లీటర్లు. ఇసుకలో నాలుగున్నర చొప్పున 85. గట్టి నేల మీద 7 చొప్పున 10. మొత్తం 114 లీటర్లు. దిబ్బ ఎక్కలేక మూడుసార్లు వెనక్కి రావడం, దారి తప్పి తిరగడం, ఇంకో బండిని లాగుతూ ఇంజిన్ నడుస్తూ నిలబడటం ఇందులో లేవు. ఏసీ వేసుకుని నిలబడితేనే పెద్ద డీజిల్ ఇంజిన్ గంటకు లీటరు పైగా తాగుతుంది. వీటన్నిటికీ పది శాతం, అంటే 11 లీటర్లు కలిపితే 125.

దాని మీద పాతిక శాతం నిల్వ, 31 లీటర్లు. ఇది ఖర్చు పెట్టడానికి కాదు, అసలు లేనట్టే అనుకోవాలి. ఇక ట్యాంకు అడుగున పంపుకు అందని ఇంధనం కొంత ఉంటుంది. బండి దిబ్బ మీద వాలి ఉన్నప్పుడు ఇంకా ఎక్కువే అందదు. దానికి 5 లీటర్లు. మొత్తం 161. ట్యాంకు 90 లీటర్లదైతే 20 లీటర్ల జెర్రీ క్యాన్లు నాలుగు కలిపి 170 అవుతుంది. సరిపోయింది, ఐదో క్యాన్ అక్కర్లేదు.

పాతిక శాతం అందరూ ఒప్పుకునే అంకె కాదు. తెలిసిన దారి, చల్లటి కాలం, మూడు బండ్లు తోడు ఉంటే 20 చాలంటారు కొందరు. ఒక్క బండితో, తెలియని దారిలో వెళ్తుంటే నేనైతే 30కి తక్కువ ఒప్పుకోను. అసలు ఒక్క బండితో వెళ్లకపోవడమే మంచిది.

వెనక్కి తిరిగే గుర్తు

ఇంటి దగ్గర కట్టిన లెక్క కాగితం మీదే బాగుంటుంది. దారిలో దాన్ని ఎక్కడెక్కడ సరిచూస్తారో, అంకె ఎంత వస్తే వెనక్కి తిరుగుతారో ముందే రాసి పెట్టుకోండి. దిబ్బల మధ్య, ఎండలో, ఇంత దూరం వచ్చేశాం కదా అని అందరూ అంటుండగా తీసుకునే నిర్ణయం ఎప్పుడూ ముందుకే నెడుతుంది.

పై ఉదాహరణలో ఇసుక మొదలయ్యాక 100 కిలోమీటర్ల దగ్గర ఆగి చూడాలనుకున్నారు. అప్పటికి కంకరలో 19, ఇసుకలో 22, మొత్తం 41 లీటర్లు ఖర్చు కావాలి. నిజంగా అయింది 55 అనుకోండి. అంటే ఇసుకలో 100 కిలోమీటర్లకు 36 లీటర్లు పోయాయి, మైలేజీ మూడుకన్నా తక్కువ. పద్నాలుగు లీటర్ల తేడాయే కదా, చేతిలో ఇంకా వంద పైనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ మిగిలిన 280 కిలోమీటర్ల ఇసుకకు ఇదే లెక్కన సుమారు 100 లీటర్లు, గట్టి నేలకు 10 కావాలి. 55కు 110 కలిపితే 165. బండిలో వాడుకోగలిగింది సరిగ్గా అంతే. నిల్వ సున్నా. వెనక్కి రావడానికి ఎదురు దిబ్బలకు కాస్త ఎక్కువే వేసుకున్నా 60 లీటర్లు చాలు. వెనక్కి తిరగాలి. చర్చ అక్కర్లేదు.

గేజు ముల్లుతో ఈ పని జరగదు. ఎగుడుదిగుడులో అది ఊగుతూనే ఉంటుంది. నమ్మదగిన పద్ధతి ఒకటుంది. ట్యాంకులో 20 లీటర్లకు చోటు పడిందని అనిపించిన వెంటనే ఒక క్యాన్ పూర్తిగా పోసేయండి. ఎన్ని క్యాన్లు ఖాళీ అయ్యాయో ఎప్పుడూ తెలుస్తుంది, పైగా క్యాన్‌లో ఇంధనం కారిపోయి వృథా అయ్యే అవకాశం తగ్గుతుంది. క్యాన్లను చివరిదాకా దాచుకోవడం చాలామంది అలవాటు. నా దృష్టిలో అది తలకిందుల పద్ధతి. బరువును తొందరగా కిందికి, ట్యాంకులోకి దించుకోవాలి.

ఇంధనం ఎక్కడ మోయాలి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పల్చటి రేకు డబ్బాల్లో పెట్రోలు మోసింది. నాలుగు గ్యాలన్ల ఆ డబ్బాలు కుదుపులకు అతుకుల దగ్గర చీలి, దారి పొడవునా కారిపోయేవి. జర్మన్ల దగ్గర దొరికిన దిట్టమైన ఉక్కు క్యాన్‌ను చూసి దాన్నే కాపీ కొట్టారు. బ్రిటిష్ సైనికులు జర్మన్లను జెర్రీ అనేవాళ్లు, జెర్రీ క్యాన్ అన్న పేరు అలా వచ్చిందే. మామూలు ప్లాస్టిక్ డబ్బాల్లో, నీళ్ల సీసాల్లో ఇంధనం పోసుకునేవాళ్లను చూస్తే నాకు ఆ రేకు డబ్బాలే గుర్తొస్తాయి.

అన్నిటికన్నా మంచిది పెద్ద ట్యాంకు బిగించుకోవడం. బరువు కింద, చక్రాల మధ్య ఉంటుంది. దాని తర్వాత బండి వెనక బిగించిన గట్టి హోల్డరు, లేదా పికప్ అయితే వెనక ట్రే. పైకప్పు మీద మాత్రం వద్దు. నాలుగు నిండు క్యాన్లంటే క్యాన్ బరువుతో కలిపి 85 కిలోలు దాకా. చాలా బండ్ల పైకప్పు మోయగలిగేది మొత్తం కలిపి 100 కిలోల లోపే, అందులో ర్యాక్ బరువు కూడా ఒక భాగం. అంత బరువు నెత్తిన పెట్టుకుని పక్కకు వాలిన దిబ్బ మీద వెళ్తే బోల్తా పడటానికి ఎక్కువ సేపు పట్టదు. తప్పక పెట్టాల్సి వస్తే ముందుగా వాటినే ఖాళీ చేయండి.

మనుషులు కూర్చునే క్యాబిన్ లోపల పెట్రోలు పెట్టకూడదు. మూత బిగించినా ఆవిరి వస్తుంది. తల తిప్పడం చిన్న సమస్య, నిప్పు పెద్దది. ఎండకు ఇంధనం వ్యాకోచిస్తుంది కూడా. తెల్లవారు చలిలో అంచుదాకా నింపిన 60 లీటర్ల పెట్రోలు 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు లీటరున్నర పెరుగుతుంది. పైన ఖాళీ వదిలి నింపండి, మధ్యాహ్నం మూత తీసేటప్పుడు మెల్లగా తిప్పండి.

క్యాన్ నింపేటప్పుడు నేల మీద పెట్టి, నాజిల్‌ను క్యాన్ అంచుకు ఆనించి పోయాలి. ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న ట్రేలో ఉంచి నింపితే స్థిర విద్యుత్తు పోయే దారి ఉండదు, ఒక్క నిప్పురవ్వ చాలు. దారిలో కొన్న ఇంధనంలో నీళ్లు, దుమ్ము ఉండొచ్చు కాబట్టి వడపోసే గరాటు, ఒక ఫ్యూయల్ ఫిల్టరు వెంట ఉంచుకోండి.

పొగలోని విషవాయువులను తగ్గించే ఆడ్‌బ్లూ ద్రవం వాడే డీజిల్ బండి అయితే దానికీ లెక్క ఉంది. డీజిల్‌లో సుమారు 3 నుంచి 5 శాతం ఆడ్‌బ్లూ ఖర్చవుతుంది. అది అయిపోతే డీజిల్ ట్యాంకు నిండా ఉన్నా, ఒకసారి ఇంజిన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు.

బరువు లెక్క

ఈ లెక్క చేసేవాళ్లు తక్కువ. బండి ఖాళీ బరువు 2,300 కిలోలు, చట్టప్రకారం మొత్తం బరువు పరిమితి 3,000 అనుకుందాం. మోయగలిగింది 700. నలుగురు మనుషులు 300. నీళ్లు 100. నాలుగు క్యాన్లు 85. ముందు బుల్ బార్ (ఇనుప కమ్మీల చట్రం), వించ్ (తాడు చుట్టి బండిని లాగే యంత్రం) 100. పైన ర్యాక్, టెంటు 100. రెండో స్పేర్ చక్రం 35. పనిముట్లు, బండిని బయటికి లాగే సామాను 60. ఫ్రిజ్, తిండి, పడకలు 100. మొత్తం 880. పరిమితి కన్నా 180 కిలోలు ఎక్కువ.

ఇద్దరే వెళ్లి, నీళ్లు సగం చేసుకుంటే 680. ఇరవై కిలోల ఖాళీ మిగిలింది. అంటే ఎడారిని సొంత నిల్వతో దాటే మామూలు బండి నిజానికి ఇద్దరి బండి. ఖాళీ బరువులో ట్యాంకు నిండా ఇంధనం కలిపారా, పది లీటర్లే కలిపారా అన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది. చూసుకోండి. లేదా సామానంతా ఎక్కించి వే బ్రిడ్జి మీద తూయించండి, వెనక యాక్సిల్ బరువు విడిగా అడగండి. పరిమితి దాటేది ఎక్కువగా అక్కడే.

తగ్గించాల్సి వస్తే నీళ్ల జోలికి, ఇంధనం జోలికి వెళ్లకండి. బుల్ బార్, పైన టెంటు, రెండో ఫ్రిజ్, ఎప్పుడూ తెరవని పనిముట్ల పెట్టె. మొదట తీయాల్సినవి ఇవే. మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లు కనీసం. అనుకున్న రోజుల మీద రెండు రోజులకు అదనంగా, రెండు మూడు వేర్వేరు డబ్బాల్లో. ఒకటి పగిలినా మిగతావి ఉంటాయి.

టైర్లలో గాలి

ఇంధనం ఆదా చేసే పనుల్లో దీన్ని మించింది లేదు, పైసా ఖర్చు లేదు. గాలి తగ్గిస్తే టైరు నేలను తాకే భాగం పొడవుగా సాగుతుంది, బండి ఇసుకను తవ్వకుండా పైన తేలుతుంది. తారు రోడ్డు మీద 35 పీఎస్ఐ ఉన్న బండికి కంకర మీద 26 నుంచి 28, ఇసుకలో 16 నుంచి 18 మంచి ఆరంభం. కూరుకుపోతే 12 దాకా తగ్గించి బయటికి రావచ్చు. అంతకన్నా తగ్గితే మలుపులో టైరు రిమ్ నుంచి ఊడిపోవచ్చు. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా వెళ్తే పక్క గోడలు వేడెక్కి పగులుతాయి, కాబట్టి గట్టి నేలకు రాగానే మళ్లీ కొట్టాలి. దానికి సొంత కంప్రెసర్ తప్పనిసరి. బ్యాటరీకి నేరుగా తగిలించేదై ఉండాలి, సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టే బొమ్మలాంటిది వద్దు.

దిబ్బను ఎప్పుడూ పక్కకు వాలకుండా నేరుగా ఎక్కాలి, నేరుగా దిగాలి. మధ్యలో ఆగిపోతే స్టీరింగ్ తిప్పకుండా రివర్స్‌లో వచ్చిన జాడలోనే వెనక్కి రావాలి. ఉదయం చల్లటి ఇసుక కాస్త గట్టిగా ఉంటుంది, కష్టమైన భాగాలు అప్పుడే దాటండి. శిఖరానికి అవతల ఎదురు బండి ఉండొచ్చు. సింప్సన్ ఎడారిలో ప్రతి బండికీ పొడవాటి కర్రకు జెండా కట్టాలన్న నియమం అందుకే. వేసవి ఎండకు భయపడి డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా అక్కడి పార్కులను మూసేస్తారు కూడా. మూసేయని ఎడారికైనా అక్కడి వేసవిలో వెళ్లకండి.

బయల్దేరే ముందు బండి కింద పడుకుని చూడాల్సినవి

కూలెంట్ గొట్టాలు, ఫ్యాన్ బెల్టులు, చక్రాల బేరింగులు, షాక్ అబ్జార్బర్లు, స్ప్రింగు ఆకులు, సస్పెన్షన్ బుష్‌లు. బ్యాటరీ బిగింపు ముఖ్యం, అలల్లాంటి గతుకుల రోడ్డు మీద అది విరిగితే బ్యాటరీయే ఎగిరిపడుతుంది. రోజూ సాయంత్రం ఆగాక నట్లు, ర్యాక్ అతుకులు, ఎయిర్ ఫిల్టరు చూసుకోండి. ఈ పనికి పావుగంట చాలు.

ఎండు గడ్డి ఉన్న ఎడారుల్లో ఇంకో ప్రమాదం ఉంది. స్పినిఫెక్స్ లాంటి గడ్డి, దాని గింజలు బండి కింద సైలెన్సర్ చుట్టూ పేరుకుని అంటుకుంటాయి. బండ్లు పూర్తిగా కాలిపోయిన ఘటనలున్నాయి. గంటకోసారి ఆగి, కింద వంగి చూసి, కమ్మీతో లాగేయండి. డీజిల్ పార్టికల్ ఫిల్టరు ఉన్న బండి మసిని కాల్చుకునేటప్పుడు సైలెన్సర్ బాగా వేడెక్కుతుంది. ఆ పనిని ఇసుకలోకి దిగక ముందే, గడ్డి లేని చోట పూర్తి చేయించుకోవడం మేలు. మంటలార్పే సిలిండరు చేతికందే చోట ఉండాలి, సామాను అడుగున కాదు.

కూరుకుపోతే

ముందు యాక్సిలరేటర్ నుంచి కాలు తీయండి. చక్రం తిరిగేకొద్దీ గుంత లోతవుతుంది, డీజిల్ దండగ. గాలి ఇంకా తగ్గించండి, పారతో నాలుగు చక్రాల ముందూ, బండి పొట్ట కిందా తవ్వండి, చక్రాలకు పట్టు దొరికేలా వాటి కింద రికవరీ బోర్డులనే పలకలు పెట్టండి. ఇసుకలో దిగబడిన బండి కింద ఉక్కు పలకలు పెట్టి బయటికి తీసే పద్ధతికి పేరు తెచ్చింది రాల్ఫ్ బాగ్నోల్డ్. 1920ల్లో, 30ల్లో ఫోర్డ్ కార్లతో లిబియా ఎడారి గాలించిన ఈ బ్రిటిష్ సైనికాధికారి టైర్లలో గాలి తగ్గించి నడిపినవాడు కూడా. ఇప్పటికీ పద్ధతి అదే, పలకలు ప్లాస్టిక్‌వి అయ్యాయంతే.

ఇంకో బండితో సాగే పట్టీ వేసి లాగాల్సి వస్తే ఒక్క నియమం మరవకండి: ట్రైలర్ తగిలించే బంతికి పట్టీ తగిలించకూడదు. అది విరిగితే తుపాకీ గుండులా దూసుకొస్తుంది, అద్దం పగలగొట్టుకుని లోపలికి వచ్చి మనుషులు చనిపోయారు. లాగడానికని బండికి బిగించిన, బరువు రేటింగ్ రాసి ఉన్న రికవరీ పాయింట్లకే తగిలించాలి. పట్టీ తెగే బలం, రెండు బండ్లలో తేలికైనదాని మొత్తం బరువు పరిమితికి రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. మిగతావాళ్లంతా దూరంగా, పక్కకు నిలబడాలి.

ఏదీ పనిచేయకపోతే

బండి దగ్గరే ఉండండి. 1982 జనవరిలో పారిస్ డకార్ ర్యాలీలో, అప్పటి బ్రిటన్ ప్రధాని కొడుకు మార్క్ థాచర్ కారు యాక్సిల్ విరిగి సహారాలో చిక్కుకుంది. దారికి సుమారు 50 కిలోమీటర్లు పక్కన పడ్డారు. ముగ్గురూ కారు దగ్గరే ఉన్నారు, ఆరు రోజులకు అల్జీరియా సైనిక విమానం కనుక్కుంది. ఆకాశం నుంచి మనిషి కనపడడు, బండి కనపడుతుంది. బండి నీడలో, లేదా దాని పక్కన కట్టిన గుడ్డ నీడలో, పగలు కదలకుండా ఉండండి.

ఉపగ్రహాలకు ఆపద సంకేతం పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఒకటి మీ పేరు మీద రిజిస్టర్ చేయించి, మనిషి ఒంటి మీదే ఉంచుకోండి. పాత 121.5 మెగాహెర్ట్జ్ బీకన్లను ఉపగ్రహాలు 2009 ఫిబ్రవరి నుంచి వినడం మానేశాయి. ఎవరైనా చవగ్గా ఇస్తే తీసుకోకండి. బీకన్ ప్రమాదంలో ఉన్నామని మాత్రమే చెబుతుంది. ఏ పార్టు కావాలో, ఎన్ని లీటర్లు కావాలో చెప్పాలంటే శాటిలైట్ ఫోనో మెసెంజరో ఉండాలి. శాటిలైట్ ఫోన్ దగ్గర ఉంచుకోవడానికి అనుమతి అవసరమైన దేశాలున్నాయి, సరిహద్దు దాటే ముందే కనుక్కోండి.

చివరగా, ఇంటి దగ్గర ఒకరికి దారి మ్యాపు, మజిలీలు, బండి నంబరు, ఎన్ని రోజుల నీళ్లు ఉన్నాయో రాసి ఇవ్వండి. ఫలానా రోజు ఫలానా గంటకు నా నుంచి కబురు రాకపోతే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి అని స్పష్టంగా చెప్పండి. రెండు రోజులు చూసి అని కాదు, గంటతో సహా. అవతలి ఊరు చేరగానే, టీ కన్నా, స్నానం కన్నా ముందు వాళ్లకు ఫోన్ కొట్టండి. లేకపోతే మీరు హాయిగా నిద్రపోతుంటే మీకోసం విమానం బయల్దేరుతుంది.